వాడబడి నుంచి వేదిక దాకా: డప్పు, చిందు, కిన్నెర కళాకారులు ప్రదర్శన నేర్చిన చరిత్ర

సంగీతం నేర్చుకున్నవాడు ఎవడు? మన పాఠ్యపుస్తకాలు ఇచ్చే జవాబు ఒక్కటే. గురువు ముందు కూర్చొని సరళీ స్వరాలతో మొదలుపెట్టి, ఏండ్ల తరబడి సాధన చేసి, ఒకనాడు సభలో కచేరీ చేసినవాడు నేర్చుకున్నవాడు. మరి జాతరలో తెల్లవార్లు డప్పు కొట్టినవాడో? మూడు రాత్రులు వరుసగా చిందు భాగోతం ఆడినవాళ్ళో? వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. "వాళ్ళకది పుట్టుకతోనే వచ్చింది", "లయ వాళ్ళ రక్తంలోనే ఉంది" అని రాస్తారు. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ పుట్టుకతో వచ్చిందంటే నేర్చుకోలేదని అర్థం. నేర్చుకోలేదంటే నేర్పినవాడు లేడని అర్థం. నేర్పినవాడే లేనప్పుడు బడి లేదు, పద్ధతి లేదు, పంతులు లేడు, ఆ పంతులుకు జీతమూ అక్కరలేదు. చెప్పు కుట్టే పనిని పుట్టుకకు కట్టేసిన తర్కమే డప్పు కొట్టే విద్యను కూడా పుట్టుకకు కట్టేసింది.

మా ఇండ్ల నుంచి యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మాది. మా తాతలు నేర్చిన విద్యకు సిలబస్ లేదు గనుక అది విద్యే కాదన్న మాట క్లాసుల్లో విన్నాం. ఈ వ్యాసంలో మేము చెప్పదలిచింది ఇదీ: జనం ముందు నిలబడి వాయించడం, పాడడం, ఆడడం అనే విద్యను దళిత కులాలు ఒక క్రమపద్ధతిలో నేర్చుకున్నాయి, నేర్పాయి. ఆ విద్యకు వెట్టి ఒక హద్దు గీసింది. ఉద్యమాలు ఆ హద్దును చెరిపి కళాకారుణ్ణి వేదిక ఎక్కించాయి. వేదిక మీద ఆయన కొత్తగా నేర్వాల్సి వచ్చింది ఏమిటి, ఇవాళ ఆ నేర్పుకు ఏం జరుగుతున్నది అన్నది మన ముందున్న ప్రశ్న.

ముందుగా ఒక విషయం. 'సభ' అనేది సనాతనమైనదని భ్రమ పడే పని లేదు. మద్రాసు మ్యూజిక్ అకాడెమీ 1928లో పుట్టింది. ఇవాళ మనం చూసే కర్ణాటక కచేరీ క్రమాన్ని, అంటే వర్ణంతో మొదలై చిన్న పాటలతో ముగిసే వరుసను, స్థిరపరిచిన ఘనత అరియకుడి రామానుజ అయ్యంగార్‌కు ఇస్తారు. ఆయన ఇరవయ్యో శతాబ్దం మనిషి. టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చున్న శ్రోతకు ఎట్లా పాడాలో, మైకు ముందు గొంతును ఎట్లా వాడాలో వాళ్ళూ కొత్తగానే నేర్చుకున్నారు. వాళ్ళ నేర్పుకు చరిత్ర రాసుకున్నారు, మన నేర్పును ప్రకృతి ఖాతాలో వేశారు. అంతేకాదు, ఆ సభలో మోగే మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్ళు కావాలి. వాటిని ఎంచి, సాపు చేసి, బిగించి నాదం పుట్టించే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకమే రాశారు. నాదం ఎక్కడ పుడుతుందో తెలిసిన చేయి వేదిక కింద ఉండిపోయింది, తయారైన నాదాన్ని అందుకున్న చేయి వేదిక ఎక్కింది.

వాడబడి

మాదిగవాడలో డప్పు నేర్వడం డప్పుతో మొదలుకాదు, తోలుతో మొదలవుతుంది. లందలో తోలు ఊనిన ఇంట్లో పుట్టిన పిల్లగాడికి ఏ తోలు ఎంత సాగుతుందో, ఏది మోగుతుందో, ఏది మూగపోతుందో చేతివేళ్ళకే తెలుస్తుంది. కట్టె చట్రానికి తోలు బిగించినంక దాన్ని మంట దగ్గర కాపాలి. వానకాలం, మంచుపూట తోలు మెత్తబడి గొంతు పడిపోతుంది. గడ్డి మంట వేసి చుట్టూ తిప్పుతూ కాపితే మళ్ళీ కంగుమంటుంది. తక్కువ కాపితే పలకదు, ఎక్కువ కాపితే పగులుతుంది. ఎంత కాపాలి అన్నదానికి కొలత లేదు. వేలితో కొట్టి చెవితో వినాలి. శ్రుతి చేయడం అంటే ఇదే. తంబురా బిరడ తిప్పితే శ్రుతి అయి, డప్పును మంట మీద కాపితే మోటుపని ఎట్లయింది?

తర్వాత చేతులు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్ర, ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల. రెండింటి బరువు వేరు, పని వేరు, శబ్దం వేరు. చిర్ర నడక పట్టి ఉంచుతుంది, చిటికెన పుల్ల దాని సందుల్లో మాటలు పలుకుతుంది. పిల్లలకు ముందే డప్పు ఇవ్వరు. రేకు డబ్బా మీదనో, తొడ మీదనో కొట్టుకుంటూ దరువు నోటికి తెచ్చుకుంటారు. దరువును నోటితో పలకగలిగినవాడే చేత్తో కొట్టగలడు. కర్ణాటక సంగీతంలో దీన్ని కొన్నకోలు అంటారు, పాఠం చెబుతారు. మా వాడల్లో దానికి పేరు పెట్టకుండానే నేర్పారు.

ఆ తర్వాత వరుస. పదిమంది కొట్టేచోట కొత్తవాడు చివర నిలబడతాడు. ముందున్న పెద్దమనిషి కాలు ఎప్పుడు మారుస్తాడో, భుజం ఎప్పుడు వంచుతాడో కనిపెట్టి దరువు మార్చాలి. నోటిమాట వినబడనంత మోతలో కంటిసైగే ఆజ్ఞ. పెండ్లి దరువు వేరు, సావు దరువు వేరు, జాతర దరువు వేరు, చాటింపు దెబ్బ వేరు. ఒకదాని చోట ఒకటి కొడితే ఊరు ఊరుకోదు.

వీటన్నింటికంటే పెద్ద పాఠం జనాన్ని చదవడం. ఎల్లమ్మ జాతరలో ఒక ఆడమనిషికి శిగం వస్తుంది. డప్పు కొట్టేవాడు ఆమె ఊపిరిని చూస్తూ వేగం పెంచాలి, ఆమె పాదం తడబడకుండా దరువు నిలపాలి, దిగే వేళకు మెల్లమెల్లగా దించాలి. పీనుగ ముందు నడిచేవాడు ఏడుపు ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు అలిసిపోతుందో ఎరిగి కొట్టాలి. ఎదుటివాళ్ళ శరీరంలో ఏం జరుగుతున్నదో చూసి, దానికి తగ్గట్టు అప్పటికప్పుడు వాద్యాన్ని మలచడమే ప్రదర్శన కళకు ప్రాణం. ఏ కాలేజీలోనూ దీనికి పేపరు లేదు. వాడబడిలో ఇది రోజూ ఉండే పాఠం.

చిందు రాత్రి, కిన్నెర వాకిలి

డప్పు బజారు నడకది. రాత్రంతా ఒకేచోట రంగస్థలం కట్టి ఆడే విద్య చిందోళ్ళది. మాదిగలకు ఆశ్రిత కులంగా బతికిన చిందు మాదిగలు తమ మిరాశీ ఊర్లకు పోయి యక్షగానాలు, జాంబపురాణం ఆడేవారు. మద్దెల, తాళాలు, హార్మోనియం, ముఖానికి అర్దళం, తలకు చెక్క కిరీటం, భుజకీర్తులు. మేళంలో ఇంటిల్లిపాదీ ఉంటారు. తండ్రి రాజు వేషం, తల్లి రాణి వేషం, అన్న మద్దెల, చెల్లె బాలవేషం. పసిపిల్ల తెర వెనుక నిద్రపోతూనే పాట వింటుంది. కాస్త నడక వచ్చేసరికి చిన్న వేషం కట్టి జనంలోకి వదులుతారు. వాళ్ళకు అరంగేట్రం అని ఒక రోజు ఉండదు. జనం భయం పుట్టకముందే జనం అలవాటైపోతారు.

చిందుల ఎల్లమ్మ ఈ బడి నుంచే వచ్చింది. నిజామాబాద్ జిల్లా మనిషి. చిన్ననాడే గజ్జె కట్టింది, ఆడ వేషాలతో పాటు మగ వేషాలూ కట్టింది, 2005లో కన్నుమూసేదాకా చిందు అంటే ఎల్లమ్మ అన్నంత పేరు తెచ్చుకుంది. కూచిపూడిలో మగవాళ్ళు ఆడవేషం కట్టడాన్ని కళ అని పొగిడిన పండితులు, ఒక మాదిగ ఆడబిడ్డ రాజు వేషం కట్టి రాత్రంతా రంగం ఏలిన సంగతిని చాలాకాలం పట్టించుకోలేదు. ఆమెను జోగినిగా విడిచిన సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే. కళ నేర్పిన వ్యవస్థే ఆమె శరీరాన్ని ఊరికి అప్పగించింది. పొగడ్తల్లో ఆ రెండో సగాన్ని దాచిపెట్టడం మాకు సమ్మతం కాదు.

డక్కలోళ్ళ కిన్నెర బడి వేరు. వెదురు, సొరకాయ బుర్రలు, మైనం, తీగెలు సమకూర్చుకొని వాద్యాన్ని తామే కట్టుకోవాలి. కట్టడం రాకపోతే వాయించడం లేదు. ఒక్కడే వాకిట్లో నిలబడి వాయించాలి, పాడాలి, మధ్యలో కథ చెప్పాలి. పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు పుస్తకాలకు ఎక్కకముందే కిన్నెర మీద బతికాయి. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగిలయ్య కూలిపనిలో ఉన్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు ఒక మనిషికి గౌరవం, సంతోషమే. కానీ బిరుదు బడిని కట్టదు.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. చిందోళ్ళ శ్రోత, డక్కలోళ్ళ శ్రోత ప్రధానంగా మాదిగ. జాంబవంతుని కథ విని గర్వపడిన మాదిగలు ఆ కథ చెప్పిన డక్కలివాణ్ణి ఇంట్లోకి రానీయలేదు. వాకిలే అతని వేదిక అయింది, ఎందుకంటే గడప దాటే హక్కు లేదు. మాలల్లో పంబలవాళ్ళు, ఊర్లెంబడి తిరిగే మాష్టీలు, బుడగ జంగాలు, అందరి విద్యా ఇట్లాంటి మెట్ల మీదే పెరిగింది. 2025లో తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమలయినప్పుడు డక్కలి, బుడగ జంగం, మాష్టి మొదలైన 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం కేటాయించారు. అందరికంటే ఎక్కువ కథలు మోసినవాళ్ళే అందరికంటే కింద ఉన్నారని ప్రభుత్వ లెక్క కూడా ఒప్పుకున్నట్టయింది.

వెట్టి నేర్పిన పాఠం

ఇంత నేర్పు ఉన్నా డప్పు కళాకారుడికి వేదిక ఎందుకు లేదు? ఎందుకంటే అతని వాయిద్యం ప్రదర్శన కాదు, ఊడిగం. దొర ఇంట్లో పెండ్లికి, దొర చచ్చినప్పుడు, అధికారి వచ్చినప్పుడు, ఊరికి ఏదైనా చాటాల్సి వచ్చినప్పుడు పిలుపు వస్తే పోవాలి. కూలి లేదు. పంట కాలంలో కళ్ళం కాడ మేర, కొన్నిచోట్ల బలుత ఇనాం చెక్క. చాటింపులో గొంతు అతనిదే, మాట మాత్రం పటేలుది. ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది అతనే, విందులో అందరికంటే దూరంగా కూర్చునేదీ అతనే. అతని చప్పుడు అందరికీ కావాలి, అతని ముఖం ఎవరికీ అక్కరలేదు. తల వంచుకొని, కన్నెత్తకుండా వాయించడం కూడా ఒక శిక్షణే. కళ్ళతో జనాన్ని చదవగల మనిషికి, ఆ జనం కళ్ళలోకి చూడొద్దని వెట్టి నేర్పింది.

అందుకే మా వాడల్లో చదువుకున్న తరాలు డప్పును దూలానికి వేలాడదీశాయి. కొన్ని ఊర్లల్లో సావుకు డప్పు కొట్టం అని తేల్చి చెప్పారు. దానికి ఫలితంగా కూలి బందు, నీళ్ళ బందు, కొట్టుడు, తిట్టుడు భరించారు. ఆ నిరాకరణను కళకు ద్రోహమని ఏడ్చే జానపద ప్రేమికులు ఉన్నారు. వాయించడం ఎప్పుడు ఆపాలో తెలియడం వాద్యకారుడి విద్యలో చివరి పాఠమని మేము అనుకుంటున్నాం. వద్దు అనగలిగినవాడే, రేపు తన ఇష్టంతో వాయించగలడు.

వేదిక మీద కొత్త పాఠం

జనాన్ని మేల్కొల్పడానికి వేదికను వాడాలన్న ఆలోచన దళిత ఉద్యమంలో పాతదే. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా ప్రచారం నడిపాడు. ఆలయ మండపాల కళను ఆది హిందువుల వాడకు తెచ్చుకోవడం అది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి జంగం కథ నుంచి ఎదిగిన బుర్రకథను రాజకీయ వేదిక మీదికి తెచ్చింది. దాన్ని శిఖరానికి చేర్చిన నాజర్ దూదేకుల ఇంట్లో పుట్టినవాడు, తన జీవితకథకు 'పింజారి' అనే కులం పేరే పెట్టుకున్నాడు. నడుమ కథకుడు, పక్కన హాస్యం, ఇంకోపక్క రాజకీయం అన్న అమరిక ఒక తరం కార్యకర్తలకు వేదిక వ్యాకరణం నేర్పింది.

1972లో ఏర్పడిన జననాట్యమండలితో డప్పు వేదిక ఎక్కింది. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్, బుర్రకథలు చెప్పుకునే యువకుడిగా మొదలై గద్దర్ అయ్యాడు. గోచి, గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. ఊళ్ళో అవమానానికి గుర్తులుగా ఉన్నవన్నీ వేదిక మీద ధిక్కారానికి గుర్తులయ్యాయి. 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం వీడి నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాడినప్పుడు వచ్చిన జనసముద్రాన్ని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వేదిక అడిగిన కొత్త విద్య ఏమిటి? మొదటిది మైకు. బజారులో గెలవాలంటే డప్పు గట్టిగా మోగాలి. మైకు ముందు అదే డప్పు పాటను మింగేస్తుంది. కాబట్టి పాట ఎత్తుకోగానే డప్పు తగ్గాలి, చరణం ముగిసిన చోట ఎగరాలి. మైకుకు ఎంత దూరం నిలబడాలి, ఎప్పుడు పక్కకు తిరగాలి అన్నది దెబ్బ తిని నేర్చుకునే విద్య. రెండోది కాలం. రాత్రంతా సాగే కథను పావుగంటలో చెప్పాలి. అంటే ఎత్తుగడ పదునుగా ఉండాలి, ముక్తాయింపు మనసులో మిగలాలి. మూడోది వంత. ఒక్కడు పాడి పదిమంది అందుకుంటే, మూడో చరణానికి మైదానం మొత్తం వంత పాడాలి. జనం గొంతు కలిపేటట్టు పాటలో ఖాళీ వదలడం తెలిసినవాడే పాటగాడు. నాలుగోది పాటకూ పాటకూ నడుమ మాట. గద్దర్ సభలో పాట ఎంత ఉండేదో మాట అంత ఉండేది. ఊపిరి తీసుకుంటూనే జనాన్ని చేజారనీయకుండా పట్టుకునే సూత్రం అది. అన్నింటికంటే కష్టమైనది కన్నెత్తడం. తరతరాలుగా తల వంచి వాయించిన మనిషి తల ఎత్తి, ఎదురుగా ఉన్న వేలమంది కళ్ళలోకి చూస్తూ వాయించాలి. ఈ పాఠం ఏ వర్క్‌షాపులోనూ ఒక్కపూటలో రాదు, ఆత్మగౌరవ ఉద్యమం నేర్పాల్సిందే.

వామపక్ష వేదిక డప్పును తీసుకుంది, దరువును తీసుకుంది, గజ్జెను తీసుకుంది. డప్పు ఎవరిదన్న ప్రశ్న మాత్రం వేయలేదు. ఆ ప్రశ్నను 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు ముందుకు తెచ్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఉద్యమానికి దండోరా అనే పేరు స్థిరపడింది. పటేలు మాటను చాటిన డప్పు మొదటిసారి తన మాటను తానే చాటింది. నాగప్పగారి సుందర్రాజు తన కవిత్వానికి 'చండాల చాటింపు' అని పేరు పెట్టుకున్నది కూడా ఆ కాలంలోనే, 1996లో. కొట్టేవాడు అతడే, కొట్టేది అదే చిర్రతో, చేయించేవాడు మారాడు.

మళ్ళీ చాటింపేనా?

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణ ఉద్యమానికి వేదికనూ, వందలాది దళిత బహుజన యువకులకు బడినీ ఇచ్చింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నారు. తరతరాలుగా మేర గింజలతో సరిపెట్టుకున్న ఇండ్లకు నెల జీతం, పింఛను చిన్న విషయాలు కావు. వాటిని చులకన చేసేవాళ్ళ కడుపు నిండి ఉంటుంది.

అయినా అడగాల్సింది అడగాలి. ప్రభుత్వ పథకాల ప్రచారానికి ఊరూరా తిరిగి పాడడమే ఉద్యోగమైతే, అది పటేలు చాటింపుకు ఎంత దూరంలో ఉంది? గొంతు మనది, మాట ఎవరిది? ఇంకో సంగతి. పింఛను ముసలి కళాకారుడికి వస్తుంది, ఆయన దగ్గర నేర్చుకునే పిల్లగాడికి ఏమీ రాదు. ఫైబర్ డప్పులు వచ్చాక కాపే పని తప్పింది, మోయడం తేలికైంది. తోలు వాసన పోయిందని బాధపడే పని లేదు. కానీ తోలును చెవితో చదివే విద్య ఎక్కడా రాసిపెట్టకుండానే పోతున్నది. ఆడపిల్లలు ఇప్పుడు డప్పు చేత పట్టి వేదిక మీదికి వస్తున్నారు. మగవాళ్ళకే పరిమితమైన వాద్యంలో ఇది నిజమైన మార్పు. వాళ్ళకు నేర్పే ఏర్పాటు మాత్రం ఉద్యమ సంఘాల ఓపిక మీదనే నడుస్తున్నది.

కాబట్టి చేయాల్సిన పనులు కొన్ని కనబడుతున్నాయి. పాటలను సేకరించాం, సంకలనాలు వేశాం. ఇక నేర్పే పద్ధతిని సేకరించాలి. ఏ దరువు ముందు నేర్పుతారు, తప్పు కొడితే ఎట్లా సరిచేస్తారు, తోలు ఎట్లా ఎంచుతారు అన్నది పెద్దల నోటి నుంచి, చేతి నుంచి రికార్డు చేయాలి. పేరుతో, ఊరుతో, వాళ్ళ అనుమతితో చేయాలి. యూనివర్సిటీల్లో జానపద శాఖలు డప్పు మీద పిహెచ్‌డి ఇస్తున్నాయి. డప్పు కొట్టే మనిషికి డిగ్రీ అడగకుండా పంతులు కుర్చీ ఇవ్వాలి. చిందు, డక్కలి, బుడగ జంగం పిల్లలు తమ ఇంటి విద్య నేర్చుకుంటే స్కాలర్‌షిప్ రావాలి, నేర్చుకోకుండా ఇంజనీరింగు చదువుకుంటే కూడా రావాలి. ఇంటి విద్య హక్కుగా ఉండాలి, కులవృత్తిగా మెడకు తగిలించకూడదు.

విద్యార్థి మిత్రులకు, టీచర్లకు, కార్యకర్తలకు మా విన్నపం ఒక్కటే. ఇకమీదట సభకు డప్పు దళాన్ని పిలిచినప్పుడు, నాయకులు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి పిలవకండి. పోస్టరు మీద వక్తల పేర్లతో పాటు వాళ్ళ పేర్లు వేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారని వేదిక మీద అడగండి. వాళ్ళు చెప్పే ఆ పేరు ఏ విశ్వవిద్యాలయం రికార్డులోనూ ఉండదు. అక్కడి నుంచే మన సంగీత చరిత్రను రాయడం మొదలుపెడదాం.